లీడ్ గారు పిప్ వద్దంటున్నారు

ప్రశ్న: మాది విజయవాడలో నలుగురున్న చిన్న ఆఫీసు. కిరాణా కొట్లకి, మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. చాలా షాపుల్లో ఇంకా విండోస్ 7 కంప్యూటర్లే, అందుకని పైథాన్ భాష 3.8 వెర్షన్ మీదే ఉండిపోయాం. మా లీడ్ గారిది ఒకటే రూలు: పైథాన్‌తో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ తప్ప బయటి ప్యాకేజీ ఒక్కటి కూడా పిప్‌తో (ప్యాకేజీలు దించే పనిముట్టు) తెచ్చి పెట్టకూడదు. "ఎవడో రాసిన కోడ్ మన షాపుల్లోకి ఎందుకు?" అంటారు. హోల్‌సేల్ వాళ్లు పంపే ఎక్సెల్ ఫైళ్లు చదవడానికి జిప్‌ఫైల్, ఎక్స్ఎంఎల్ మాడ్యూళ్లతో నేనే కోడ్ రాస్తున్నాను, మూడో వారం నడుస్తోంది. ఓటీపీ లాగిన్ మాత్రం ర్యాండమ్.ర్యాండింట్(100000, 999999) అని రెండు లైన్లలో అయిపోయింది. స్టాండర్డ్ లైబ్రరీ వాడితే వచ్చే నష్టాలు వరసగా రాసిస్తే ఆయనకు చూపిస్తాను.
(పేరు వద్దన్నారు, విజయవాడ)

జవాబు:

వరసగా రాసివ్వను. రాసిస్తే మీరు దాన్ని ప్రింటు తీసి లీడ్ గారి టేబుల్ మీద పెడతారు, ఆయన బయటి ప్యాకేజీల నష్టాలతో దానికి రెండింతల జాబితా తెస్తారు. చిక్కేమిటంటే రెండూ నిజమే. నలుగురున్న ఆఫీసులో ఆ వాదన ఒక వారం తినేస్తుంది. దాని బదులు మీ ఉత్తరంలో ఉన్న పనుల్నే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ ఓటీపీ. రెండు లైన్లలో అయిపోయిందని మీరు మురిసిపోయిన చోటే అసలు నష్టం ఉంది. ర్యాండమ్ మాడ్యూల్ లోపల నడిచేది మెర్సెన్ ట్విస్టర్ అనే లెక్క. ఆటలకి, శాంపిళ్లు తీయడానికి, సిమ్యులేషన్లకి బాగా పనికొస్తుంది. రహస్యం దాచడానికి మాత్రం పనికిరాదు. దాన్నుంచి వరసగా వచ్చిన 32 బిట్ల సంఖ్యలు 624 చేతికి దొరికితే చాలు, ఆ తర్వాత రాబోయేవన్నీ ముందే చెప్పేయొచ్చు. మీ ఆరంకెల ఓటీపీలో సంఖ్య పూర్తిగా బయటపడదు కాబట్టి పట్టుకునేవాడికి ఇంకాస్త ఎక్కువ నమూనాలు కావాలి, అంతే తేడా. భద్రతకు సంబంధించిన పనులకు వాడొద్దని ఆ మాడ్యూల్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. సరిగ్గా ఆ పని కోసమే 2016 చివర్లో పైథాన్ 3.6తో పాటు సీక్రెట్స్ అనే మాడ్యూల్ వచ్చింది. సీక్రెట్స్.ర్యాండ్‌బిలో(900000) అని రాసి దానికి 100000 కలపండి, మీ ఓటీపీ వచ్చేస్తుంది. ఇదీ స్టాండర్డ్ లైబ్రరీలోదే, మీ 3.8లో ఉన్నదే, లీడ్ గారి పర్మిషన్ కూడా అక్కర్లేదు. మిగతా ఉత్తరం చదవడం ఆపి అయినా సరే, అది మార్చి రండి.

మార్చారా? మరి ఆ ర్యాండమ్‌నే సరిచేసి పెట్టొచ్చుగా, రెండు మాడ్యూళ్లెందుకు అని మీకు అనిపించే ఉంటుంది. చేయలేరు. ఒకే సీడ్ (మొదలుపెట్టే సంఖ్య) ఇస్తే ఎప్పుడు నడిపినా ఒకే వరస రావాలని నమ్ముకున్న ప్రోగ్రాములు, పరీక్షలు, పరిశోధనల లెక్కలు లోకమంతా ఉన్నాయి. స్టాండర్డ్ లైబ్రరీకి ఉన్న జబ్బుల్లో పెద్దది ఇదే: అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి ఎవరి కోసమూ కదల్లేదు. ఉమ్మడి గోడకి మేకు కొట్టాలన్నా పక్కింటివాళ్లని అడగాలి కదా, అలాగన్నమాట. పాతదాన్ని ఉన్నచోటే ఉంచేసి పక్కన కొత్తది కడతారు. కొత్తగా వచ్చినవాళ్లకి ఏ తలుపు తట్టాలో తెలియదు, నోటికి సులువుగా వచ్చే పేరున్న తలుపు తడతారు. మీరూ అదే చేశారు. మీ తప్పు సగమే.

ఈ కదల్లేనితనం ఎంత దూరం పోతుందో టార్‌ఫైల్ మాడ్యూల్ చూస్తే తెలుస్తుంది. టార్ ఫైల్లో (చాలా ఫైళ్లని ఒక మూటగా కట్టింది) ఉన్న పేర్లలో చుక్క చుక్క స్లాష్ (పై ఫోల్డర్‌కి పొమ్మని అర్థం) పెట్టి పంపితే, విప్పేటప్పుడు ఆ ఫైళ్లు మీరు చెప్పిన ఫోల్డర్ దాటిపోయి ఎక్కడో కూర్చుంటాయి, అక్కడున్న ఫైళ్లను తుడిచేసి మరీ. ఈ లోపానికి 2007లోనే సీవీఈ నంబరు (బయటపడ్డ భద్రతా లోపాలకి ఇచ్చేది) పడింది. నమ్మకం లేని ఫైళ్లు విప్పొద్దని డాక్యుమెంటేషన్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకున్నారు. 2022లో ఒక సెక్యూరిటీ సంస్థ మళ్లీ తవ్వి తీస్తే, అప్పుడు 2023లో 3.12తో పాటు ఫిల్టర్ అనే ఏర్పాటు వచ్చింది. అదైనా మనం అడిగితేనే పనిచేసేది. అడక్కుండానే జాగ్రత్తగా విప్పే పద్ధతి డిఫాల్ట్ అయింది 3.14లో, అంటే 2025లో. పద్దెనిమిదేళ్లు! పైథాన్ వాళ్లు బద్ధకస్తులని కాదు. డిఫాల్ట్ మారిస్తే ఎవరి బ్యాకప్ స్క్రిప్టు విరుగుతుందో తెలియదు, అందుకని అంత నెమ్మది.

మీ ఆఫీసుకి ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ఫిల్టర్‌ని పాత వెర్షన్లకి కూడా ఇచ్చారు, 3.8కి 3.8.17లో వచ్చింది. కానీ 3.8కి విండోస్ ఇన్‌స్టాలర్ 2021 మేలో 3.8.10తోనే ఆగిపోయింది. ఆ తర్వాతి సవరణలన్నీ సోర్స్ రూపంలోనే (మనమే కట్టుకోవాల్సిన కోడ్‌గా) విడుదలయ్యాయి. మీ షాపుల్లో ఉన్నది ఇన్‌స్టాలర్‌తో వేసిన పైథానే అయ్యుంటుంది, కాబట్టి ఆ మందు మీ దాకా రాలేదు. 2024 అక్టోబరుతో 3.8కి ఆ సోర్స్ సవరణలు కూడా అయిపోయాయి. బయటి ప్యాకేజీలో లోపం దొరికితే ఆ ఒక్క ప్యాకేజీ మార్చుకుంటాం. స్టాండర్డ్ లైబ్రరీలో దొరికితే పైథాన్ వెర్షన్‌నే మార్చాలి, వెర్షన్ మార్చాలంటే 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు కాబట్టి షాపాయన కంప్యూటరే మార్చాలి. లీడ్ గారి రూలుకి అసలు ఖరీదు ఇక్కడ పడుతోంది. జాబితాకి బదులు ఈ పేరా ఒక్కటి చూపించండి.

వెర్షన్‌కి కట్టేసి ఉండటం వల్ల మామూలు రోజుల్లో కూడా చిరాకులే. టైమ్‌జోన్లు చూసుకునే జోన్‌ఇన్ఫో 3.9లో వచ్చింది, మీకు లేదు. టైమ్ చివర జెడ్ అక్షరం ఉన్న తేదీని డేట్‌టైమ్.ఫ్రమ్ఐసోఫార్మాట్ చదవగలిగింది 3.11 నుంచే. జోన్‌ఇన్ఫో 3.8లో కావాలంటే దాని బ్యాక్‌పోర్ట్‌ని (పాత పైథాన్ కోసం సర్దిన రూపాన్ని) పిప్‌తో తెచ్చుకోవాలి. విండోస్ మీదైతే కొత్త పైథాన్‌లో కూడా టైమ్‌జోన్ వివరాలున్న టీజెడ్‌డేటా ప్యాకేజీ విడిగా పెట్టుకోవాల్సిందే. అంటే స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్నదాన్ని వాడుకోవడానికి కూడా పిప్ కావాలి.

తేదీల మాట వచ్చింది కాబట్టి నా నిర్వాకం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట రాత్రంతా తెరిచి ఉండే ఒక మందుల షాపుకి రోజువారీ అమ్మకాల రిపోర్టు రాశాను. తేదీ కోసం డేట్‌టైమ్.యూటీసీనౌ వాడాను. అది ఇచ్చేది మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ అనే ప్రపంచ టైమ్, దానికి టైమ్‌జోన్ చీటీ ఉండదు, చూడ్డానికి మామూలు టైమ్‌లాగే కనపడుతుంది. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదున్నర దాకా కొట్టిన బిల్లులన్నీ నిన్నటి ఖాతాలో పడుతూ వచ్చాయి. షాపాయన గల్లాపెట్టె లెక్క తేలక నైట్ డ్యూటీ కుర్రాణ్ణి అనుమానించాడు. ఆ అబ్బాయి పని మానేసేలోపే కారణం దొరికింది, అది నా అదృష్టం. ఆ యూటీసీనౌని 3.12లో డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. ఎర్రరేదీ రాదు కదా, అన్నేళ్లూ అడిగినవాళ్లందరికీ నవ్వుతూ తప్పు చెప్పింది.

ఇక తెలుగు. మీ షాపుల్లో సరుకుల పేర్లు తెలుగులో ఉన్నాయో లేదో రాయలేదు, ఉంటే మాత్రం ఇది చూడండి. మాటల్లో నమూనాలు వెతికే ఆర్ఈ మాడ్యూల్‌తో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (అక్షరాల వరస అని దానర్థం) అని ప్యాటర్న్ రాసి "కందిపప్పు"ని మాటలుగా విడగొట్టమంటే ఒక మాట రాదు. క, ద, పప, ప అని నాలుగు ముక్కలొస్తాయి. సున్నా, గుడి, కొమ్ము, పొల్లు ఏవీ అక్షరాలు కావని దాని లెక్క, అవి తగిలిన చోటల్లా కత్తి వేస్తుంది. మన భాషల గుణింతాలతో ఈ తంటా ఉందని 2007లోనే ఫిర్యాదు నమోదైంది. రీజెక్స్ అనే బయటి ప్యాకేజీ యూనికోడ్ నియమాల ప్రకారం పోతుంది కాబట్టి "కందిపప్పు" ఒకే మాటగా వస్తుంది. అలాగే పొడవు చెప్పే లెన్‌ని అడిగితే కందిపప్పుకి 9 అంటుంది. బడికెళ్లే పిల్లాణ్ణి అడిగితే నాలుగక్షరాలంటాడు. బిల్లులో పేరుకి ఇరవై గళ్లు కేటాయించి ఎల్‌జస్ట్‌తో ఖాళీలు నింపి సర్దితే ధరల వరస వంకర టింకరగా వస్తుంది, అదంతా ఈ 9 మహిమే. ఫైల్లోకి తెలుగు పేర్లు రాయబోతే విండోస్‌లో ఛార్మ్యాప్ అని ఎర్రర్ రావడం కూడా మీకు అనుభవమే అయ్యుంటుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ విండోస్ పాత కోడ్‌పేజీని (అక్షరాల పట్టికని) పట్టుకుంటుంది. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 డిఫాల్ట్ కావడం 3.15 నుంచి. అందాకా ప్రతి ఓపెన్‌లోనూ చేత్తో రాసుకోవడమే. ఈ డిఫాల్ట్‌లు నిర్ణయించిన రోజున మనం ఆ గదిలో లేం.

అయితే లోటు కనపడిన ప్రతిచోటా ప్యాకేజీ కోసం పరిగెత్తమని కాదు. కామా పెట్టమంటే పైథాన్ 1,234,567 అని పెడుతుంది, మన షాపాయనకి 12,34,567 కావాలి. దేశాల వాడుక చూసుకునే లొకేల్ మాడ్యూల్‌తో చేయొచ్చు, కానీ అది ప్రోగ్రామ్ మొత్తానికీ వర్తిస్తుంది, ఆ కంప్యూటర్లో ఆ లొకేల్ ఉండాలి కూడా. బేబెల్ అనే ప్యాకేజీ చక్కగా చేస్తుంది గానీ ఒక్క కామా కోసం లోకంలోని దేశాలన్నిటి లెక్కల పద్ధతులు మోసుకురావడం నాకైతే ఇష్టం లేదు. చివరి మూడంకెలు వదిలేసి మిగతావి రెండేసి విడగొట్టే ఫంక్షన్ పది లైన్లు. రాసేసుకోండి. మైనస్ గుర్తుతో ఒకసారి, వెయ్యి లోపు సంఖ్యతో ఒకసారి పరీక్షించండి.

నెట్ పనుల దగ్గర మాత్రం జాగ్రత్త. యూఆర్ఎల్‌లిబ్‌తో సర్వర్‌కి బిల్లు పంపేటప్పుడు టైమౌట్ చెప్పకపోతే జవాబు కోసం అది అలాగే కూర్చుంటుంది. షాపులో నెట్ సగంలో వేలాడితే మీ కిటికీ తెల్లబోయి నాట్ రెస్పాండింగ్ అంటుంది, షాపాయన మీకు ఫోన్ కొడతాడు. పైథాన్ డాక్యుమెంటేషనే ఈ పనికి రిక్వెస్ట్స్ ప్యాకేజీని సూచిస్తుంది. అలాగని రిక్వెస్ట్స్ తెస్తే టైమౌట్ కష్టం తీరిపోతుందనుకోకండి, దానికీ డిఫాల్ట్ టైమౌట్ లేదు! ఏది వాడినా టైమౌట్ ఈక్వల్ టు 10 అని రాయాల్సింది మీరే. కేవలం బిల్లులు పంపడానికే అయితే యూఆర్ఎల్‌లిబ్‌తోనే కానివ్వండి.

స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్నది ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకం కూడా ఇప్పుడు అంత గట్టిది కాదు. బ్యాటరీలు లోపలే ఉన్నాయి అన్నది పైథాన్ పాత నినాదం. 2019 మేలో పైథాన్ లాంగ్వేజ్ సమ్మిట్‌లో ట్విస్టెడ్ అనే నెట్‌వర్క్ ప్యాకేజీ డెవలపర్ యాంబర్ బ్రౌన్ ఆ బ్యాటరీలు కారుతున్నాయని పేరు పెట్టి మరీ ప్రసంగించారు. వాడకుండా వదిలేసిన టార్చిలైటు విప్పితే సెల్లులు కారి తుప్పు పట్టి ఉంటాయి చూడండి, అదీ పోలిక. చివరికి 2024 అక్టోబరులో 3.13 వచ్చినప్పుడు సీజీఐ, టెల్నెట్‌లిబ్, క్రిప్ట్ లాంటి 19 మాడ్యూళ్లు ఒక్కసారిగా తీసేశారు. పాత నెట్‌వర్క్ స్విచ్‌లను రాత్రిళ్లు పలకరించి వచ్చే టెల్నెట్ స్క్రిప్టు ఒకటి నా దగ్గరుండేది. పైథాన్ మార్చిన మర్నాడు మాడ్యూల్ దొరకలేదని చెప్పి పడుకుంది. 3.11 నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆ హెచ్చరికలు లాగ్‌లో పడ్డాయి, నేను లాగ్ చూడలేదు.

ఇంత రాశాక కూడా మీ లీడ్ గారి భయం చాదస్తమని అనను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాం) నుంచి తీసేస్తే దాని మీద ఆధారపడిన ఎన్నో జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులు ఆగిపోయాయి. మాటకి ఎడమ పక్కన ఖాళీలు నింపడం, అంతే దాని పని. జావాస్క్రిప్ట్ స్టాండర్డ్ లైబ్రరీలో అది అప్పటికి లేకపోవడం వల్ల వచ్చిన చేటది. 2018లో ఈవెంట్‌స్ట్రీమ్ ప్యాకేజీని చూసుకుంటానని ముందుకొచ్చినవాడు బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్‌ని అందులోకి చొప్పించాడు. పిప్‌లో పేరు ఒక్క అక్షరం తప్పు కొడితే వేరేవాడు వల వేసి కూర్చున్న ప్యాకేజీ దిగొచ్చు. కాబట్టి సరుకు నిలకడైన చోట ఆయన మాటే వినండి. ఎస్‌క్యూలైట్3, సీఎస్‌వీ, జేసన్, లాగింగ్, పాత్‌లిబ్, వీటికి బయట వెతకాల్సిన పనే లేదు. డబ్బు లెక్కలకి డెసిమల్ మాడ్యూల్ బంగారం. రౌండ్(2.675, 2) అంటే 2.67 వస్తుంది, జీఎస్టీ బిల్లులో ఆ పైసాకి సమాధానం చెప్పుకోలేరు. డెసిమల్‌కి సంఖ్యని కొటేషన్లలో ఇచ్చి క్వాంటైజ్ చేస్తే 2.68 వస్తుంది, పద్ధతి మాత్రం రౌండ్ హాఫ్ అప్ అని మీరే చెప్పండి.

ఇప్పుడు మీ మూడు వారాల ఎక్సెల్ సంగతి. ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అంటే ఎక్స్ఎంఎల్ ఫైళ్లున్న జిప్పేలే అని మొదలుపెట్టి ఉంటారు. తర్వాత గడిలో సరుకు పేరుకి బదులు 17 అని ఉండటం, ఆ పేరు వేరే ఫైల్లో పద్దెనిమిదో వరసలో ఉండటం చూసి ఉంటారు. తేదీ ఉండాల్సిన చోట 45519 అని ఉంటుంది, అది 2024 ఆగస్టు 15. అది తేదీయా మామూలు సంఖ్యా అని తెలియాలంటే స్టైల్స్ ఫైల్లోకి పోవాలి. ఆ రోజుల లెక్కలో 1900 ఫిబ్రవరికి 29వ తేదీ కూడా ఉంటుంది, నిజానికి ఆ ఏడాది లీపు కాదు. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ నాటి తప్పుని ఎక్సెల్ కావాలనే మోసుకొస్తోంది. ఈ తలనొప్పులన్నీ ఓపెన్‌పైఎక్సెల్ ప్యాకేజీ ఏళ్ల తరబడి పడి సర్దుకుంది. దాని కొత్త వెర్షన్ మీ 3.8 మీద కూడా నడుస్తుంది, తనతో తెచ్చుకునే ప్యాకేజీ ఈటీ ఎక్స్ఎంఎల్‌ఫైల్ ఒక్కటే. "ఎవడో రాసిన కోడ్" ఎందుకన్న లీడ్ గారికి మీరు అడగాల్సింది ఒకటే: రేపు నేను ఉద్యోగం మారితే నా ఎక్సెల్ కోడ్ కూడా ఎవడో రాసినదే కదా సార్, దాన్ని ఎవరు చూసుకుంటారు?

షాపులో నెట్ లేకపోవడం, నమ్మకం చాలకపోవడం రెంటికీ దారి ఉంది. ఆఫీసులో ఒక్క కంప్యూటర్లో పిప్ డౌన్‌లోడ్‌తో ఆ రెండు ప్యాకేజీల వీల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన) ఫైళ్లు దించండి. వెర్షన్ నంబరు, హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో పెట్టండి. ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపులో నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్, రిక్వైర్-హ్యాషెస్ ఆప్షన్లతో ఇన్‌స్టాల్ చేస్తే బయటినుంచి ఏదీ దిగదు, హ్యాష్ కలవకపోతే అసలు ఎక్కదు. బయటివాడి కోడ్ షాపుల్లోకి రాకూడదన్న మాట మళ్లీ వస్తే, ఆ షాపు కంప్యూటర్లోనే పిప్ ఫోల్డర్ తెరిచి అండర్‌స్కోర్ వెండర్ అన్న సబ్‌ఫోల్డర్ చూపించండి. పిప్ తన పని కోసం రిక్వెస్ట్స్‌ని కాపీ చేసి అందులో పెట్టుకుంది. పైథాన్ ఇన్‌స్టాల్ చేసిన రోజే అదీ వచ్చి కూర్చుంది. (అందులోంచి ఇంపోర్ట్ చేసి వాడకండి మరి, అది పిప్ సొంతానికి.)

మీ మూడు వారాల కోడ్ పక్కన పెట్టాలి గానీ, దాని కోసం మీరు పోగేసిన హోల్‌సేల్ వాళ్ల వింత ఫైళ్లు పారేయకండి. కలిపేసిన గడులున్నవి, మధ్యలో ఖాళీ వరసలున్నవి, తేదీని మాటగా కొట్టినవి అన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచండి. పాత ఎక్స్ఎల్ఎస్ రకం ఫైళ్లు ఉంటే వేరు చేయండి, వాటిని ఓపెన్‌పైఎక్సెల్ చదవదు. ఓ సాయంత్రం లీడ్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫోల్డర్ మీద మీ కోడ్ ఒకసారి, ఓపెన్‌పైఎక్సెల్ ఒకసారి నడపండి. ఏవి ఎందులో తప్పాయో ఆయన్నే రాసుకోమనండి.